తరగతి గదిలో రాజ్యాంగ చర్చ అపచారమట!

“బడి పిల్లలతో రాజ్యాంగ చరిత్రపై డిబేట్లు పెట్టించకండి” అనే వాట్సాప్ సందేశాన్ని ఈ మధ్య నాకు పంపని మిత్రుడు లేడు. రాజ్యాంగం బ్రిటిష్ పాలనలో వచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టానికి నకలు కాబట్టి చర్చించడానికేమీ లేదట. దాన్ని రాసింది అంబేడ్కర్ కాదు, రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు అట, పైగా నిర్మాతలు ఏకాభిప్రాయంతో ఇచ్చినదాన్ని పిల్లలు రెండు జట్లుగా చీలి ప్రశ్నించడం అపచారమట.

ఆ చట్టం నుంచి చాలా నిబంధనలు తీసుకున్నందుకు క్షమాపణ చెప్పబోనని 1948 నవంబరు 4న అంబేడ్కరే రాజ్యాంగ సభలో అన్నారు. ప్రాథమిక హక్కులూ, వయోజనులందరికీ ఓటూ 1935 చట్టంలో ఏ పేజీలో ఉన్నాయో నకలు అంటున్నవారు చూపించాలి. ఇక రావుకూ ఘనత దక్కాలని 1949 నవంబరు 25న చెప్పిందీ అంబేడ్కరే. దాన్ని రహస్యంలా పంచుకోవడం వృథా ప్రయాస.

అసలు హాని మూడో వాదనలో ఉంది. నకలును ప్రశ్నిస్తే అపచారం ఎలా అవుతుందన్న సందేహాన్ని పక్కన పెడదాం. 2,473 సవరణలను ప్రతిపాదించి చర్చించిన సభలో ఏకాభిప్రాయాన్ని వెతకడానికి ఎంతటి భక్తి కావాలి! ప్రాణాన్ని, స్వేచ్ఛను హరించే చట్టం న్యాయమైనదో కాదో కోర్టు పరిశీలించవచ్చా, లేక చట్టసభ నిర్దేశించిన పద్ధతిని పాటిస్తే చాలా అన్న ప్రశ్నపై, ముసాయిదా కమిటీలోనే ఉన్న కె.ఎం. మున్షీ కోర్టు పరిశీలన వైపు, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ చట్టసభ పద్ధతి వైపు నిలిచారు. 1948 డిసెంబరు 13న అంబేడ్కర్ రెండు పక్షాల బలాబలాలూ వివరించి నిర్ణయాన్ని సభకే వదిలేశారు. అల్లాడి పక్షం నెగ్గింది. అయినా అసంతృప్తి చల్లారకపోవడంతో, అరెస్టయినవారికి రక్షణలిచ్చే నేటి 22వ అధికరణం మరుసటి ఏడాది వచ్చి చేరింది. ఆనాడు ఓడిన వాదన సారాన్ని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. పదో తరగతి పిల్లలకు ఆ చర్చలోని ప్రసంగాలు నాలుగు పేజీలిచ్చి, మున్షీకి ఒక జట్టును, అల్లాడికి ఒక జట్టును వకాల్తా పట్టమంటే ఎవరి గౌరవానికి భంగమో పంపినవారే చెప్పాలి.

అయితే పోటీల్లో పిల్లలు బట్టీ కొట్టి అరుస్తారన్న ఆ సందేశంలోని చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. పెద్దలు రాసిచ్చిన కాగితాన్ని అప్పజెప్పి, ఎదుటివారు ఏమన్నారో వినకుండా బల్ల గుద్దినవారికే కప్పు దక్కుతోంది. రిజర్వేషన్లు ఉండాలా వద్దా అని అంశం పెట్టి, ఒక దళిత విద్యార్థిని వ్యతిరేక జట్టులో నిలబెడితే అది చర్చ కాదు, అవమానం. మార్చవలసింది అంశాన్ని, మార్కులు వేసే తీరును. ఎదుటి జట్టు వాదనను ముందు సరిగ్గా తిరిగి చెప్పగలిగినవారికే జవాబిచ్చే అవకాశమన్న నియమం పెడితే, సగం అరుపులు అక్కడే ఆగిపోతాయి.