‘ఆరుబయట గ్యాస్ గ్రిల్‌కు భయం లేదు’ అన్న మాట ఎంతవరకు నిజం?

సంక్రాంతి దగ్గరపడేసరికి కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరుగుతోంది. గ్యాస్ బార్బెక్యూ గ్రిల్‌ను, అంటే సిలిండర్ గ్యాస్‌తో చేపలూ మాంసమూ కాల్చే పొయ్యిని, పెరట్లో వాడితే ఏ ప్రమాదమూ లేదని, కారిన గ్యాస్ పైకి పోయి గాలిలో కలిసిపోతుందని, అనుమానముంటే అగ్గిపుల్ల చూపించి లీకు కనిపెట్టవచ్చని, మంట తగ్గితే సిలిండర్‌ను పడుకోబెట్టాలని, వాన వస్తే గ్రిల్‌ను వరండాలోకి జరుపుకోవచ్చని, అంటుకున్న కొవ్వే రుచి కనుక దాన్ని కడగనక్కరలేదని అందులో ఉంది. కనుమనాడు పండుగప్ప చేప ముక్కలు కాల్చుకునే ఇళ్లు మా వైపు పెరుగుతున్నాయి కాబట్టి దీన్ని నవ్వి వదిలేయడానికి లేదు.

గ్యాస్ పైకి పోతుందన్న భ్రమ మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి నుంచి ఎగసిన మంటను చూసిన ప్రాంతం మనది. భూమిలోంచి వచ్చే సహజవాయువులో అధికభాగం మీథేన్, అది గాలికన్నా తేలిక. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. అది గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కావడం వల్ల నేలబారున పాకి, మురుగుకాలువలోనో, నీళ్ల తొట్టి గోతిలోనో, ప్రహరీ వారనో నిలుస్తుంది. గాలిలో అది నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. సముద్రపు గాలి వీచేటప్పుడు చెదిరిపోతుందన్నది నిజమే గాని, ఆకు కదలని రాత్రులూ మనకు ఉంటాయి. అందుకే వెలిగించే ముందు గ్రిల్ మూత తెరిచే ఉంచాలి. కొద్ది క్షణాల్లో అంటుకోకపోతే నాబ్ కట్టేసి, అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ ప్రయత్నించాలి. తాటాకు పాకకూ ఎండుమట్టల కుప్పకూ దూరంగా పెట్టాలని వేరే చెప్పాలా?

అగ్గిపుల్లతో లీకు వెతకడమంటే లీకు ఉన్నచోట మంట పెట్టడమే. గ్రిల్ నాబ్‌లు కట్టి, రెగ్యులేటర్ తెరిచి, గొట్టం అతుకుల మీద సబ్బునురుగు రాస్తే సరిపోతుంది. నిరుడు మా గ్రిల్ వద్ద ఇలా రాసినప్పుడు క్లిప్పు పక్కన ఆవగింజంత బుడగ లేచి, చూస్తుండగానే రేగుపండంత అయి పగిలి, మళ్లీ అక్కడే లేచింది. వాసన మాత్రం ఎవరికీ తెలియలేదు.

అడుగంటిన సిలిండర్‌ను పడుకోబెట్టి ఊపడం మన వంటిళ్ల పాత అలవాటు. నిలబెట్టిన సిలిండర్‌లో కింద ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. రెగ్యులేటర్ తయారైంది ఆ ఆవిరి కోసమే. పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి దిగి, బయటపడ్డాక సుమారు 250 రెట్లు వ్యాకోచిస్తుంది. మంట మనిషెత్తు లేస్తుంది. అసలు మంట తగ్గడానికి కారణం చాలాసార్లు సిలిండర్ కాదు. ఏడాదికోసారి బయటికి తీసే గ్రిల్‌లో బర్నర్ గొట్టాన్ని సాలీడు గూడో, కందిరీగ పెట్టిన మట్టో మూసేస్తుంది. అప్పుడు మంట వెనక్కు తిరిగి నాబ్‌ల వైపు రావచ్చు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తుప్పు సమస్య కూడా తోడవుతుంది.

వరండా సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు: టార్పాలిన్ దించిన వరండా మూసిన గదితో సమానం, అక్కడ పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వాన వస్తే గ్రిల్ ఆర్పేయడమే మార్గం.

కొవ్వు రుచి ఇస్తుందన్న మాటకు వస్తే, రుచినిచ్చేది అప్పుడే కారి ఆవిరయ్యే కొవ్వు. గ్రిల్ అడుగు ట్రేలో నిరుటి నుంచి పేరుకున్నది కేవలం ఇంధనం. అది అంటుకుంటే నీళ్లు పోయకూడదు. బర్నర్లు కట్టి పొడి ఇసుకో ఉప్పో చల్లాలి.

సందేశంలో గొట్టం ప్రస్తావనే లేదు. కోతల తర్వాత చేలలోంచి ఇళ్లకు చేరే ఎలుకలు దాన్ని కొరుకుతాయి. కొరకకపోయినా అయిదేళ్లకొకసారి మార్చాలి, తయారీ సంవత్సరం దాని మీదే ముద్రించి ఉంటుంది. ఈ సందేశం నాకు పంపిన మా చిన్నాన్నగారిని ఆ ముద్ర ఫోటో తీసి పంపమని అడిగాను. 2016 అని ఉంది.