పుప్పొడికీ ఒక వేళ ఉంది

మార్చి నెలలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు విత్తన వరి పొలాల్లో పొద్దున పది కావస్తుండగా తాడు లాగే పని మొదలవుతుంది. గట్లకు ఇటొకరు అటొకరు నిలబడి మగ వరుసల మీదుగా పొడవాటి తాడును లాగుతూ పోతుంటే, కదిలిన కంకుల నుంచి లేత పసుపు పొడి లేచి పక్కనున్న ఆడ వరుసల మీద వాలుతుంది. అరగంటకోసారి చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు, పూత ఉన్నన్ని రోజులూ ఇదే పని. మామూలు వరి పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది కనుక దానికి ఈ సాయం అక్కర లేదు. ఇక్కడి వారు ‘ఆడ మగ వరి’ అని పిలిచే హైబ్రిడ్ విత్తన పంటలో మాత్రం ఆడ రకం పుప్పొడి పనికిరాని వట్టి పొడి. మగ వరుసల పుప్పొడి కూడా గాలిలోకి వచ్చాక కొద్ది నిమిషాలే బతుకుతుంది కాబట్టి, కూలీలు మధ్యాహ్నం వస్తే ఆ రోజు పూత ఆగమైనట్టే.

ఈ రైతుకు పరాగసంపర్కం కూలి లెక్క, గడియారం లెక్క. అదే ఊళ్లో మామిడి, కూరగాయలు పండించే రైతుకు ఆ పనిని ఈగలూ తేనెటీగలూ పైసా అడగకుండా చేసిపెడుతున్నందున అది పెట్టుబడి లెక్కలోకి రాదు, దాన్ని కాపాడుకోవాలన్న ధ్యాస కూడా ఉండదు. మందు కొట్టే వేళను పురుగును బట్టే కాక పూతను బట్టి కూడా నిర్ణయించాలని నా వాదన.

కీలాగ్రం మీద, అంటే పువ్వు ఆడ భాగం కొస మీద, పుప్పొడి పడడం ఆరంభం మాత్రమే. ఆ రేణువు నుంచి సన్నని నాళం మొలిచి, కొస కిందనున్న కాడ లాంటి కీలం గుండా దిగి అండాన్ని చేరాలి. అది మోసుకెళ్లే రెండు పురుష కణాల్లో ఒకటి పిండాన్ని, రెండోది ఆ పిండానికి తిండిని తయారుచేస్తాయి. మనం పళ్లెంలో పెట్టుకునే అన్నం ఆ రెండో కలయిక ఫలితమే. మక్కలో ఒక్కో పీచు ఒక్కో గింజకు దారి. గాలి మోసుకొచ్చిన పుప్పొడి ఏ పీచుకు అందలేదో కంకిలో అక్కడ గింజ కట్టదు.

గాలితో కాని పని చూడాలంటే మన రాష్ట్ర పుష్పం తంగేడునే చూడవచ్చు. బతుకమ్మకు కోసుకొచ్చే ఆ పువ్వులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ కేసరాల కొసనున్న సన్నని రంధ్రాల వెనుక దాగి ఉంటుంది. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని రెక్కల కండరాలను జుమ్మని అదిరిస్తే తప్ప రాలదు. పొట్టి కేసరాల పొడి దాని తిండికి పోతే, పొడవాటి కేసరాలది ఒంటికంటుకుని మరో పువ్వును చేరుతుంది. టమాట, వంకాయ పూలలోనూ పుప్పొడి ఇలా అదిరిస్తేనే బాగా రాలుతుంది.

మామిడి సంగతి వేరు. జగిత్యాల తోటల్లో ఒక్కో గుత్తికి వందలు, వేలుగా పూసే పూలలో చాలావరకు మగవే, కాయయ్యేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ కాస్త పనిని చేసేవి ప్రధానంగా ఈగలు, చిన్న తేనెటీగలు. సరిగ్గా నిండు పూత మీదే తేనెమంచు పురుగుకని మందు కొడతారు. పురుగు తోటను ముంచుతుందన్న రైతు భయం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే అదుపు చేయవలసింది మొగ్గ దశలో. పూలు విచ్చాక కొట్టిన మందు పురుగుతో పాటు కాయ కట్టించే ఈగనూ చంపుతుంది.

‘సాయంత్రం కొట్టండి’ అన్న ఒకే సలహా కూడా అన్ని పంటలకూ కుదరదు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది కాబట్టి దానికి సరిపోతుంది. బీర, సొర పూలు విచ్చేదే సాయంత్రం, వాటిమీద రాత్రి పురుగులు వాలుతాయి. అలాంటి పందిళ్ల కింద మందు పంపుతో నిలబడవలసింది మర్నాడు పూలు ముడుచుకున్నాకే.