నాన్న ఫోనులో కెర్నల్ మార్చాలా?

నాన్న ఫోను 2019లో కొన్నది. ఉదయం వంద శాతం నింపి తీస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు ఎర్ర గీత చూపిస్తోంది. సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన తమ్ముడు దాన్ని రూట్ చేసి, అంటే కంపెనీ వేసిన తాళం తీసి ఫోను మీద పూర్తి అధికారం తెచ్చుకుని, కొత్త కెర్నల్ ఎక్కిస్తానన్నాడు. చిప్‌ల కంపెనీలో కరెంటు వాడకాన్ని కొలిచే బృందంలో పనిచేసే అక్క వద్దంది. ఆ సాయంత్రమంతా వరండాలో ఇద్దరి మధ్య కూర్చుని విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

తెలియనివారికోసం ఒక్క మాట. ప్రాసెసర్, స్క్రీన్, వైఫై, చార్జింగ్ వంటి భాగాలకూ మనం వాడే యాప్‌లకూ మధ్య ఉండి, ఏది ఎంత వేగంతో నడవాలో, ఎప్పుడు నిద్రపోవాలో తేల్చే ప్రోగ్రామే కెర్నల్. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది లినక్స్.

తమ్ముడు: ముందు నా ఫోను సంగతి విను అక్కా. హాస్టల్‌లో అందరిదీ ఒకే వైఫై. రాత్రి పదకొండుకు ఫోను పక్కన పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి ఇరవై శాతం దాకా పోయేది. నేను వాడింది లేదు, స్క్రీన్ వెలిగింది లేదు. లెక్కలు తీసి చూస్తే వైఫై డ్రైవర్ పట్టుకున్న వేక్‌లాక్ బయటపడింది. అది ఒక గొళ్లెం లాంటిది. ‘నాకు పని ఉంది, ప్రాసెసర్‌ను పడుకోనివ్వకు’ అని కెర్నల్‌లోని ఒక భాగం వేసి కూర్చుంటుంది. ఒకే నెట్‌వర్క్‌లో వందల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉంటే ‘ప్రింటర్ ఎక్కడ, టీవీ ఎక్కడ’ అని అన్నీ అందరినీ కేకేస్తుంటాయి. ఆ ప్రతి కేకకూ నా ఫోను ఉలిక్కిపడి లేచేది. ఏ యాప్ తీసేసినా లాభం లేకపోయింది. ఆ గొళ్లేన్ని పడనివ్వని కెర్నల్ వేసుకున్నాక రాత్రికి నాలుగైదు శాతమే పోతోంది.

అక్క: గూగుల్ పాత ఫోను నెక్సస్ 5 వాడినవాళ్లకు బాగా తెలిసిన జబ్బే అది. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. కానీ రాత్రిపూట వైఫై ఆపేసి పడుకున్నా అదే ఫలితం వచ్చేది కదా?

తమ్ముడు: మా గదిలో టవర్ సిగ్నల్ అందదు. అర్ధరాత్రి అమ్మ ఫోన్ చేసినా వైఫై మీదే రావాలి. నేను ఆపలేను.

అక్క: సరే, నీ గదికి నీ మందు పనిచేసింది. నాన్న హాస్టల్‌లో ఉండడం లేదే. ఈ ఇంట్లో వైఫై కింద ఉన్నవి మూడే ఫోన్లు. ఆయన ఫోనుకున్న జబ్బేమిటో చూడకుండా నీ మందు ఎలా పోస్తావు?

తమ్ముడు: ఇంకా ఉన్నాయి. వోల్టేజీ సంగతే తీసుకో. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు తినే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే వోల్టేజీ 5 శాతం తగ్గిస్తే ఆ ఖర్చు దాదాపు 10 శాతం తగ్గుతుంది, వేగం ఏమీ తగ్గకుండానే. కంపెనీవాళ్లు అన్ని చిప్‌లకూ సరిపోయేలా కాస్త ఎక్కువే పెడతారని నీకూ తెలుసు.

అక్క: తెలుసు, నేను రోజూ చేసే పనే అది. ఆ ‘కాస్త ఎక్కువ’ ఎందుకు పెడతామో కూడా చెబుతాను. ఒకే సిలికాన్ ఫలకం మీద నుంచి కోసిన రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజీకి హాయిగా నడుస్తుంది, పక్కది తప్పులు చేస్తుంది. పైగా చిప్‌కు వయసు మీదపడుతుంది, ఎండ తగులుతుంది. డిసెంబరులో నీ గదిలో నిలకడగా నడిచిన వోల్టేజీ మే నెలలో, నాన్న చొక్కా జేబులో నడవాలని లేదు. ఫోను ఆగిపోయి మళ్లీ మొదలైతే అదృష్టమే, కనీసం తెలుస్తుంది. తెలియకుండా ఒక లెక్క తప్పి, ఒక ఫైలు పాడైతే? దాన్ని నెలల తర్వాత చూసుకుంటావు. ఇంకొక సంగతి, కొత్త తరం చిప్‌లలో చాలావాటికి తమకు ఎంత వోల్టేజీ కావాలో తామే కొలుచుకుని సర్దుకునే ఏర్పాటు లోపలే ఉంది. అక్కడ కెర్నల్ పట్టికలో అంకెలు దిద్దినా పెద్దగా మిగిలేది ఉండదు.

(అక్క గొంతు ఇక్కడ పెరిగింది. పాడైన ఫైలు మాట ఊరికే అనలేదు. నాన్న ఫోనులో మా నానమ్మ చివరి ఏడాది ఫోటోలు ఉన్నాయి, వాటికి మరో ప్రతి లేదు.)

తమ్ముడు: వోల్టేజీ ముట్టుకోను, మాటిస్తున్నాను. షెడ్యూలర్‌ను, అంటే ప్రాసెసర్ లోపలి కోర్లకు పనులు పంచే భాగాన్ని, మార్చడంలో ప్రమాదమేముంది? వేగంగా నడిచే పెద్ద కోర్లు, పొదుపుగా నడిచే చిన్న కోర్లు కలిపిన ఆర్మ్ ప్రాసెసర్లు 2011లో ప్రకటించినవి. ఏ పనిని ఏ కోర్‌కు ఇస్తే తక్కువ శక్తి పడుతుందో లెక్కగట్టి పంచే పద్ధతిని గూగుల్ 2016 పిక్సెల్ ఫోనులోనే పెట్టింది. ప్రధాన లినక్స్‌లోకి అది 2019లో, 5.0 వెర్షన్‌తో వచ్చింది. ఎన్నో ఫోన్లు మాత్రం పాత పద్ధతితోనే అమ్ముడై, పాత పద్ధతితోనే మూలపడ్డాయి. కంపెనీ ఇవ్వనిదాన్ని ఎక్కడో ఒక కుర్రవాడు రాత్రుళ్లు కూర్చుని పాత ఫోనుకు తెచ్చి పెట్టాడంటే, అది లినక్స్ లైసెన్స్ ఇచ్చిన హక్కు వల్లే. కెర్నల్‌ను మార్చి ఫోనులో పెట్టి అమ్మిన కంపెనీ దాని సోర్సు, అంటే రాసిన కోడ్, ఇచ్చి తీరాలి. ఆ హక్కు వాడుకోకపోతే ఎందుకు?

అక్క: ఈ మాట నాకు నచ్చింది. నిజంగా. మంచి షెడ్యూలర్ మేలు చేస్తుంది. కానీ కెర్నల్ వేసుకున్న పదిమందిలో తొమ్మిదిమంది చేసేది అది కాదు. గవర్నర్‌ను, అంటే ప్రాసెసర్ వేగం ఎప్పుడు పెరగాలో తగ్గాలో తేల్చే భాగాన్ని, మార్చి, ఆ వేగానికి మూత బిగించి, బ్యాటరీ మిగులుతుందనుకుంటారు. ఒక పనిని గబగబా ముగించి గాఢనిద్రలోకి పోవడమే చాలాసార్లు చౌక. మెల్లగా నడిపితే పేజీ తెరుచుకునేదాకా స్క్రీన్ వెలిగే ఉంటుంది, మెమరీ మేలుకునే ఉంటుంది. అలాగని అన్నిటికంటే పై వేగం కూడా దండగే, అక్కడ వోల్టేజీ బాగా పెరుగుతుంది. ఆ మధ్య బిందువు ఎక్కడుందో కొలవకుండా చెప్పలేం. నువ్వు కొలిచావా?

తమ్ముడు: రూట్ లేకుండా ఎలా కొలుస్తాను?

అక్క: నీ ల్యాప్‌టాప్ తే. డెవలపర్ ఆప్షన్లు తెరిచి, కేబుల్ పెట్టి, కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే పనిముట్టుతో బ్యాటరీ లెక్కలు అడిగితే రూట్ లేని ఫోను కూడా చెబుతుంది. ఏ వేక్‌లాక్ ఎంతసేపు పట్టుకుంది, స్క్రీన్ ఎంతసేపు వెలిగింది, సిగ్నల్ ఏ స్థాయిలో ఎంతసేపు ఉంది, అన్నీ ఉంటాయి అందులో.

తీసి చూశాం. గంటకు పైగా పట్టింది. వేక్‌లాక్‌లలో దోషం ఏమీ కనిపించలేదు, స్క్రీన్ ఆరిన కాసేపటికే ఫోను పడుకుంటోంది. వాడనప్పుడు ఫోనును గాఢనిద్రలోకి పంపే డోజ్, 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చినది, తన పని తాను చేస్తోంది. సిగ్నల్ వరుస మాత్రం పగలంతా అట్టడుగునే ఉంది. నాన్న కూర్చునేది వెనక గదిలో, కాంక్రీటు గోడల నడుమ. ఇంకొకటి కూడా తేలింది. బ్యాటరీ ఇప్పుడు పట్టే చార్జి, కొన్ననాటి దానిలో మూడింట రెండు వంతులే.

అక్క: చూశావా? సిగ్నల్ బలహీనమైతే ఫోను గొంతు పెంచి టవర్‌తో మాట్లాడాలి. 4జీ ఫోను అంటెన్నా పైకి పంపే శక్తి గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు. ఆ 200 పంపడానికి లోపల ఖర్చయ్యేది దానికి చాలా రెట్లు. ఇదంతా నడిపేది మోడెమ్. దానికి వేరే ప్రాసెసర్, వేరే ప్రోగ్రాం ఉన్నాయి. నీ కెర్నల్ దాని గడప కూడా తొక్కలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ వైఫై కాలింగ్ పెడితే ఈ ఖర్చులో చాలా భాగం ఆగుతుంది. ఇక అరిగిపోయిన బ్యాటరీలోకి లిథియంను ఏ కెర్నలూ తిరిగి తేలేదు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. కానీ ఆ బ్యాటరీ ఎందుకు అరిగింది? ఆరేళ్లుగా నాన్న రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి, వంద శాతం మీద, వేడి మీద ఉంచడం వల్ల. 80 శాతం దగ్గర ఆగమని చెప్పే వీలు ఈ ఫోనులో లేదు. రూట్ చేసి, చార్జింగ్‌ను ఆపగలిగే కెర్నల్ పెడితే ఒక్క వరుస ఆదేశంతో అయిపోతుంది. కొత్త ఫోన్లలో కంపెనీలు ఇప్పుడు దాన్ని గొప్పగా ఇస్తున్నాయి. పాత ఫోన్లవాళ్లు ఏం పాపం చేశారు?

అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం తమ్ముడు వేసిన అన్ని ప్రశ్నల్లోనూ నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఇదే.

అక్క: దీనికి నా దగ్గర ఎదురు లేదు. చార్జింగ్‌కు హద్దు పెట్టడం మంచి పని. అయినా చార్జింగ్ జోలికి వెళ్లేటప్పుడు పిక్సెల్ 4ఎ సంగతి గుర్తుపెట్టుకో. 2020 ఫోను అది. కొన్నిటిలో బ్యాటరీ వేడెక్కే ప్రమాదం ఉందని 2025 జనవరిలో గూగుల్ ఒక అప్‌డేట్ పంపి, బ్యాటరీ నిండే హద్దును బాగా తగ్గించేసింది.

తమ్ముడు: ఎంత తగ్గించారో జనానికి తెలిసింది కెర్నల్ సోర్సు చూశాకే! 4.4 వోల్టులకు పైన ఉన్నది 3.95కు దించారు. సోర్సు బయట లేకపోతే ఫోను సగం పూటకే ఎందుకు పడిపోతోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అక్క: అవును, చదివే హక్కు ఉండాల్సిందే. ఇప్పుడు రెండో వైపు చూడు. ఆ పాత వోల్టేజీ హద్దుతో కట్టిన కెర్నల్ ఒకటి ఎవరో తెచ్చి వేసుకున్నారనుకో. అది ఆ బ్యాటరీని మళ్లీ పాత హద్దుదాకా నింపుతుంది. ఫోను వాడేవారికి తాము ఏం తీసి పక్కన పెట్టారో తెలిసుంటే వేరు. నాన్నకు తెలియదు. వేరే కెర్నల్ ఎక్కించాలంటే ముందు బూట్‌లోడర్, అంటే ఫోను ఆన్ కాగానే కెర్నల్‌ను లేపే ప్రోగ్రాం, తాళం తెరవాలి. అలా తెరిచిన ఫోనును బ్యాంకు యాప్‌లు చాలావరకు నమ్మవు. నువ్వు ఏదో దాచిపెట్టి నడిపిస్తావు. ఒక ఉదయం ఆ దాపరికం పట్టుబడుతుంది, అప్పుడు నువ్వు హాస్టల్‌లో ఉంటావు, నాన్న పాలవాడికి డబ్బు పంపలేక గుమ్మంలో నిలబడి ఉంటారు. అసలు నాన్నను అడిగావా?

తమ్ముడు: అడగలేదు.

అక్క: ఫోను ఆయనది.

తమ్ముడు: సరే. రేపు బజారుకు వెళ్లి బ్యాటరీ మార్పిస్తాను. చవక నకలు కాకుండా చూసుకుంటాను. వైఫై కాలింగ్ నేనే పెడతాను. నాన్నకు రాత్రి కాకుండా సాయంత్రం చార్జింగ్ పెట్టుకోవడం అలవాటు చేయాలి, అది నీ పని. కానీ అక్కా, 80 మాట మాత్రం నేను వదలను. చూపించి తీరుతాను.

అక్క: బీరువాలో నా పాత ఫోను ఉంది. అందులో సిమ్ లేదు, బ్యాంకు లేదు. అది తీసుకో. షెడ్యూలర్ మార్చు, చార్జింగ్‌కు హద్దు పెట్టు, వారం వారం అంకెలు రాసి నాకు పంపు, మార్చకముందువి కూడా. ముందుగా అందులోని ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి తీసుకో. బూట్‌లోడర్ తెరిచిన క్షణంలో అన్నీ చెరిగిపోతాయి.

తమ్ముడు బీరువా తాళంచెవి కోసం లేచాడు.