కేర్ హోము తలుపులు మూసేస్తారా?

ఖజానా లోటు పూడ్చుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వం వెతుక్కున్న దారుల్లో ఇంతకంటే హీనమైనది మరొకటి లేదు. ప్రభుత్వ ఖర్చుతో కేర్ హోముల్లో, అంటే సొంతంగా బతకలేనివారికి బస, సంరక్షణ ఇచ్చే గృహాల్లో, ఉంటున్న సుమారు 80 వేల మంది వికలాంగులకు ఇన్నేళ్లుగా అందుతున్న రాకపోకల భత్యాన్ని ఎత్తివేస్తామని అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ 2010 అక్టోబరు 20న ప్రకటించినప్పుడు, కోతల హడావుడిలో దొర్లిన పొరపాటు కాబోలు, నాలుగు వైపుల నుంచీ నిరసన వినపడితే దిద్దుకుంటారని చాలామంది ఆశపడ్డారు. అప్పుడు దిద్దుకోలేదు సరికదా, 2011 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు తెచ్చిన సంక్షేమ సంస్కరణల బిల్లులో దానికి చట్టరూపం ఇవ్వబోయారు. అమలు గడువును కొన్ని నెలలు వెనక్కి జరిపినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోదు.

అక్కడి వికలాంగుల భత్యంలో రెండు భాగాలుంటాయి. సంరక్షణ కోసం ఇచ్చే మొదటి భాగం, ప్రభుత్వ ఖర్చుతో కేర్ హోములో చేరిన నాలుగు వారాలకు ఆగిపోతుంది. ఆ సేవలు హోమే చేస్తుంది కనుక దానిపై ఎవరికీ పేచీ లేదు. బయట తిరగడం కోసం ఇచ్చే రెండో భాగం మాత్రం మనిషి కేర్ హోములో చేరినా ఆగదు. అవసరాన్ని బట్టి అది 2010-11లో వారానికి 49.85 పౌండ్లు లేదా 18.95 పౌండ్లుగా ఉండేది. అప్పుడు కత్తెర వేయబోయింది దీనికే.

ఈ డబ్బు ఏమవుతుందో మంత్రులు ఒక్క ఆదివారం ఉదయం ఏదైనా కేర్ హోము వాకిట్లో నిలబడి చూడాల్సింది. మామూలు టాక్సీ అక్కడ పనికిరాదు. వెనుక తలుపు తీసి, ర్యాంపు దించి, మోటారు చక్రాల కుర్చీని మనిషితో సహా ఎక్కించి, కుర్చీ కదలకుండా నాలుగు మూలలా బెల్టులతో నేలకు బిగించే బండి రావాలి. ఆ బండిలో కూర్చున్న మనిషి తల్లిని చూడటానికి వెళ్తాడు, చర్చికి వెళ్తాడు, స్నేహితులతో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తాడు. కొందరు తమ భత్యం మొత్తాన్ని మోటబిలిటీ పథకానికి కట్టి కారునో మోటారు కుర్చీనో అద్దెకు తీసుకున్నారు. భత్యం ఆగితే వాటిని తిరిగి అప్పగించాల్సిందే. ఆ తర్వాత వారి చేతిలో మిగిలేది సొంత ఖర్చులకని అప్పట్లో నిర్ణయించిన వారానికి 22.30 పౌండ్లు. బట్టలు, సబ్బులు, ఫోను బిల్లు, మేనకోడలి పుట్టినరోజు కానుక అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇక టాక్సీ కిరాయి కూడా అందులోంచే తీయాలట! చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ డబ్బుతో నెలకు ఎన్నిసార్లు గడప దాటగలడో లెక్క కట్టడానికి ఆర్థిక శాఖ అక్కర్లేదు.

లోటును అదుపు చేయాలన్న అవసరాన్ని మేము కాదనడం లేదు. హోముల్లో ఉన్నవారి రాకపోకల బాధ్యత స్థానిక కౌన్సిళ్లదేననీ, ఒకే అవసరానికి రెండు చోట్ల నుంచి చెల్లించడమెందుకనీ ప్రభుత్వం అంది. అయితే అదే అక్టోబరు ప్రకటనలో, నాలుగేళ్లలో ఆ కౌన్సిళ్లకు ఇచ్చే కేంద్ర నిధులను నాలుగో వంతుకు పైగా కోసిందెవరు? పైనుంచి నీళ్లు ఆపేసి, కింది చెరువులో తోడుకోండని చెప్పడం పాలన అనిపించుకోదు.

ఆసుపత్రిలో ఉన్నవారికీ, కేర్ హోములో ఉన్నవారికీ ఒకే పద్ధతి ఉండాలన్నది తమ ఉద్దేశమని అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ 2011 జనవరిలో పార్లమెంటులో చెప్పారు. ఈ వాదనలోనే అసలు ప్రమాదం ఉంది. మనిషి ఆసుపత్రికి వెళ్లేది జబ్బు నయం చేయించుకుని ఇంటికి తిరిగి రావడానికి. కేర్ హోములో ఉన్నవారికి అదే ఇల్లు. పాతికేళ్ల వయసులో అందులో చేరి, జీవితమంతా అక్కడే గడిపేవారున్నారు. వారిని రోగులుగా లెక్కగట్టడమంటే, కూడూ గూడూ ప్రభుత్వం చూస్తున్నప్పుడు ఇక బయటికి వెళ్లే పనేముంటుందని అడగడమే. ఈ సూత్రాన్ని ఒక్కసారి చట్టంలోకి రానిస్తే అది కేర్ హోముల దగ్గర ఆగదు. ఏ హక్కునైనా ‘నీకు పడక ఇచ్చాంగా’ అన్న ఒక్క మాటతో కొట్టిపారేయవచ్చు.

అందరికీ ఒకే పద్ధతి అన్న మాటకైనా వారు కట్టుబడ్డారా అంటే అదీ లేదు. ఆ ప్రతిపాదన ప్రకారం, సొంత డబ్బుతో హోములో ఉంటున్నవారికి ఈ భత్యం కొనసాగేది. ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో, ఒకే రకం వైకల్యంతో ఇద్దరుంటే, డబ్బున్నవారి టాక్సీ వస్తుంది, లేనివారి టాక్సీ రాదు. బలమైన భుజాలున్నవారే ఎక్కువ బరువు మోయాలని అక్టోబరులో సభలో నిలబడి చెప్పింది ఇదే ఆస్‌బోర్న్. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ ఒక్కదాన్ని నిలబెట్టడానికి సుమారు 4,500 కోట్ల పౌండ్ల ప్రజాధనం పోసిన దేశం, ఏడాదికి 13.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని చక్రాల కుర్చీలో ఉన్నవారి ముందు చేయి చాపింది. వికలాంగులు స్వేచ్ఛగా తిరిగేందుకు తోడ్పడతామని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2009లో ఆమోదించిందీ ఈ దేశమే. రెండేళ్లు తిరగకముందే ఆ మాటను చెత్తబుట్టలో వేయబోయారు.

ఎక్కడో బ్రిటన్ గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. చదువుకోవడానికి వెళ్లి, ఆ హోముల్లో పార్ట్‌టైం పనిచేస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు, ఆ తలుపులు మూసుకుంటే వాటి వెనుక మనుషుల ముఖాలు చూడాల్సివచ్చేది వాళ్లే. అంతకు మించిన కారణం కూడా ఉంది. అప్పట్లో అమల్లో ఉన్న మన 1995 వికలాంగుల చట్టంలో ‘ఆర్థిక స్థోమత మేరకు’ అన్న మాట పదేపదే వచ్చేది. ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఎన్ని హామీలను అటకెక్కించారో వికలాంగుల సంఘాలను అడిగితే చెబుతాయి. అదే ఐరాస ఒడంబడికను మనం 2007లోనే ఆమోదించాం. దానికి అనుగుణంగా కొత్త చట్టం రాయడానికి కేంద్రం వేసిన సుధా కౌల్ కమిటీ 2011లో పనిలో ఉండేది. సరిగ్గా ఆ సమయంలో ‘బ్రిటన్‌లోనే ఎత్తేశారు’ అన్న నోట్ ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఒక ఫైలులోకి ఎక్కి ఉంటే, అప్పట్లో నెలకు 500 రూపాయల పింఛనుతో నెట్టుకొస్తున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వికలాంగుడు ఏం చెప్పుకోగలిగేవాడు? ఆశ్రమంలో అన్నం పెడుతున్నారుగా, నీకు పింఛనెందుకని అడిగే అధికారికి ఆ నోట్ ఒక్కటి సరిపోయేది.

2011లో మేము కోరింది ఇదే: కామెరాన్ ప్రభుత్వం గడువులు జరపడం ఇక మానాలి. ఈ నిబంధనను బిల్లు నుంచి పూర్తిగా తొలగించాలి. కౌన్సిళ్లు ఎక్కడైనా నిజంగా రెండోసారి చెల్లిస్తుంటే ఆ లెక్కలు కౌన్సిళ్లతోనే తేల్చుకోవాలి. లేదంటే ప్రధాని స్వయంగా ఒక కేర్ హోముకు వెళ్లి, అక్కడున్నవారి కళ్లలోకి చూసి, మీరు బయటికి వెళ్లాల్సిన అవసరం ఏమీ లేదని చెప్పి రావాలి. ఆ మాట చెప్పే ధైర్యం లేనప్పుడు దాన్ని చట్టంలో రాసే అధికారం ఆయనకెక్కడిది?