ఆ ఫోన్ కాల్ ఏ కోటా?

"ఉద్యోగాల్లో రిజర్వేషన్లు మెరిట్‌ను చంపేస్తున్నాయి" అని మీ వ్యాసంలో తేల్చేశారు. చిత్తూరులో ఒక ప్రభుత్వాఫీసులో పదకొండేళ్లు రోస్టర్ రిజిస్టరు రాసినోణ్ణి, ఒక మాట చెప్తా. ఎర్రసిరా గీతలు కొట్టిన ఆ లావు పుస్తకంలో నూరు పాయింట్లుంటాయి, అంటే ఖాళీల వరుస నంబర్లు. ఏ ఖాళీ ఎవరిదో ముందే రాసుంటుంది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం. 2019 రాజ్యాంగ సవరణ పుణ్యాన అగ్రవర్ణ పేదలకూ 10 శాతం వచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ మెరిట్ చావు అనరు! ఓపెన్ అంటే ఓసీల కోటా అనుకునేవాళ్లు చానామంది. కాదు సార్. మినహాయింపులేవీ వాడుకోకుండా ఓపెన్ మార్కులు తెచ్చుకున్న ఎస్సీ పిల్లోడు ఓపెన్లోనే లెక్క. 1992లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఇంద్రా సాహ్నీ తీర్పు చదవండి.

ప్రైవేటులో రోస్టర్ లేదు కదా, అక్కడ అంతా మెరిటేనా? మా వాడు తిరుపతి దగ్గర ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి పోతే, ఫైలు విప్పకముందే "ఇంటిపేరేంది? ఊర్లో ఏ వీధి?" అని అడిగినారు. ఏ వీధి అంటే ఏమడుగుతున్నారో మా పక్క అందరికీ తెలుసు. పక్కనున్న పిల్లోడితో మాత్రం "మీ మామ ఫోన్ చేసినాడులే" అన్నారంట.

ఒకటి ఒప్పుకుంటా. ఆఫీసరు కొడుక్కి అందినట్టు కూలోళ్ల బిడ్డకు అందడంలే. ఎస్సీల్లోనే కొన్ని కులాలకు అందినట్టు మిగతా కులాలకు అందడంలే. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు, అంటే ఎస్సీ కోటాను ఆ కులాల మధ్య పంచడానికి, దారిచ్చింది ఇందుకే. మీరు రాయాల్సింది దాని గురించి. నా రిజిస్టర్లో ఏళ్ల తరబడి భర్తీకాని బ్యాక్‌లాగ్ పోస్టుల గురించి కూడా.