అరగని బ్రేకు రబ్బర్లకు ఒక విన్నపం

మహారాజశ్రీ పాత సైకిలు బ్రేకు రబ్బర్ల వారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం అని రాయడానికి కలం రావడం లేదు. కారణం మీరే. నిన్న దిగుడు దారిలో రెండు లివర్లూ హ్యాండిలుకు అంటుకునేదాకా నొక్కాను. సైకిలు తన దారిన తాను పోయింది. చివరికి కాలు నేలకు రాసి ఆపుకున్నాను. చెప్పు అరిగింది. మీరు అరగలేదు.

ఆ సంగతే మాట్లాడాలి. మీ ముఖాన ఉన్న గాడులు కొన్ననాడు ఎంత లోతో ఇప్పటికీ దాదాపు అంతే. చూసినవాళ్లంతా "రబ్బర్లు కొత్తగానే ఉన్నాయిగా" అంటారు. నేనూ చాలాకాలం అలాగే మురిసిపోయాను. బ్రేకు రబ్బరు పనే అరగడమని అర్థం కావడానికి నాకు ఒక జత చెప్పులు పట్టింది. పొద్దున్నే రిజిస్టరులో సంతకం పెట్టి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవని ఉద్యోగి చొక్కా కూడా ఇలాగే ఇస్త్రీ చెదరకుండా ఉంటుంది.

మీకు ఈ రాతి గుండె ఎలా వచ్చిందో తెలుసు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, రాపిడి వేడి అన్నీ కలిసి ఏళ్ల తరబడి రబ్బరును బిగుసుకుపోయేలా చేస్తాయి. తొక్కినా తొక్కకపోయినా మీకు వయసు మీద పడుతూనే ఉంటుంది. ఏళ్లపాటు మూలన పడేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. మెత్తటి రబ్బరైతే రిమ్ము మీది సన్నటి గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది. మీరు ఒదగరు. గోరు గుచ్చి చూశాను. గోరే విరిగింది.

అయినా ఎంత సేవ చేశాను! గరుకు కాగితం బల్ల మీద పరిచి, మీ ముఖం దానికి ఆనించి రుద్దాను. అద్దంలా మెరిసే పొర పోయి నల్లటి పొడి రాలింది. లోపల కూరుకుపోయిన అల్యూమినియం రేణువులను సూదితో ఒక్కొక్కటే పీకాను. అవి మీ సొంత ఆస్తి కాదు, నా రిమ్ముది. ఆపే పని మానేసి గీకి దాచుకున్నారన్నమాట. రిమ్మును స్పిరిట్‌తో తుడిచాను. మూడు రోజులు బుద్ధిగా ఉన్నారు. నాలుగో రోజు మళ్లీ అదే జారుడు. పైపొర ఒక్కటే గట్టిపడి ఉంటే ఈ వైద్యం సరిపోయేది. బ్లేడుతో అంచు కోసి చూస్తే లోపలిదాకా రాయే. "కాస్త నూనె రాయండి, మెత్తబడతాయి" అన్నాడు ఒకాయన. బ్రేకుకు నూనె! ఆయనకు సైకిలు తొక్కడమే రాదని తర్వాత తెలిసింది.

ఇక వాన రోజు సంగతి. రిమ్ము మీది నీళ్లు తుడిచేదాకా ఏ రబ్బరుకైనా కాస్త ఆలస్యం అవుతుంది, స్టీలు రిమ్మైతే మరీను. మీకది ఆలస్యం కాదు, సెలవు. పొడి రోజుల్లో పట్టు లేకపోయినా అరుపు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. జనం తప్పుకునేవారు. బెల్లు ఖర్చు కలిసొచ్చింది.

అందుకే కొత్తవాళ్లను తెచ్చాను. టైరుకు తగిలితే దాన్ని కోసేస్తాయి, కిందికి జారితే చువ్వల్లో పడతాయి, కాబట్టి కొలిచి మరీ రిమ్ము మధ్యలో నిలబెట్టాను. బిగించేటప్పుడు వెనక అంచుకూ రిమ్ముకూ మధ్య అట్టముక్క పెట్టాను, ముందు అంచు ఒక మిల్లీమీటరు ముందుగా తాకేలా. కీచుమనకుండా ఉండటానికి. (మిమ్మల్ని బిగించిన రోజున ఈ మర్యాద చేయలేదు. ఆ అరుపులో నా వాటా కూడా ఉంది.) పొద్దున అలవాటు కొద్దీ పిడికిలంతా బిగించి ముందు బ్రేకు నొక్కాను. వెనక చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిలు మీదికి వెళ్లి వచ్చాను.

మిమ్మల్ని పారేయడానికి మనసొప్పలేదు. ఎప్పటికైనా పనికొస్తారని పాత సామాన్ల డబ్బా మూత తీశాను. అడుగున మీ ముందు తరం వారు కూర్చుని ఉన్నారు, గాడులు చెక్కుచెదరకుండా.

ఇట్లు,
అరిగిన చెప్పుల యజమాని