కాజూ కత్లీ నీతిశాస్త్రం

ఐటీ కంపెనీల్లో పనిచేసేవారికి ఏడాదికొకసారి తప్పని వ్రతం ఒకటుంది. నైతిక ప్రవర్తనా నియమావళిపై ఆన్‌లైన్ శిక్షణ అని దాని పేరు. వ్రతకథ ముప్పావు గంట సాగుతుంది. మధ్యలో లేవకూడదు, ముందుకు జరపకూడదు, స్లయిడు మీది గొంతు చివరి అక్షరం పలికేదాకా 'నెక్స్ట్' బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. పూర్తయ్యాక ప్రసాదంగా ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఇంతటి మహత్తర వ్యవస్థను తప్పుపట్టే సాహసం నాకు లేదు. దాని పుణ్యమా అని మన ఆఫీసుల్లో ధర్మం నాలుగు పాదాల మీద ఎలా నడుస్తోందో నలుగురికీ చెప్పడమే నా ఉద్దేశం.

ఈ శిక్షణలో అన్నిటికన్నా జటిలమైన ధర్మసందేహం స్వీటు డబ్బాది. రవి అనే బొమ్మ ఉద్యోగికి, ఆఫీసుకు కుర్చీలు సరఫరా చేసే వ్యాపారి దీపావళికి కిలో కాజూ కత్లీ పంపుతాడు. ఇప్పుడు రవి ఏం చేయాలి? తినేయడం తప్పు, ఇంటికి తీసుకెళ్ళడం తప్పు, తెచ్చినవాణ్ణి తిట్టి పంపడం కూడా తప్పు. బహుమతుల రిజిస్టరులో నమోదు చేసి మేనేజరుకు తెలియజేయడం ఒక్కటే ఒప్పు. పాఠం అక్కడితో ముగుస్తుంది గానీ రవి కష్టాలు అక్కడే మొదలవుతాయి. పరిమితి వెయ్యి రూపాయలు, డబ్బా ఖరీదు వెయ్యీ నలభై అయినప్పుడు, అట్టపెట్టె విలువను కలుపుకోవాలా తీసివేయాలా అన్నది నియమాల అమలును చూసే, ముంబయిలోని కాంప్లయన్స్ విభాగం తేల్చాలి. వారు ముందు ఫొటో అడుగుతారు, తరువాత బిల్లు అడుగుతారు. కానుక ఇచ్చినవాణ్ణి బిల్లు అడగడం మర్యాద కాదని రవి మొరపెట్టుకుంటే, మర్యాద నియమావళి పరిధిలోకి రాదని జవాబు వస్తుంది. టీమ్‌లో అందరికీ సమానంగా పంచవచ్చునని అనుమతి వచ్చేసరికి వెండిరేకు నల్లబడి, ముక్కలు పలకల్లా బిగుసుకుపోయి ఉంటాయి. అయినా పంచుతారు. పంచినట్టు ఒక్కొక్కరి దగ్గరా సంతకం తీసుకుంటారు, ఎందుకంటే మార్చిలో ఆడిట్ ఉంది.

చివర పరీక్ష ఉంటుంది. అందులో ఎనభై శాతం మార్కులు రావాలి. మరోపక్క టీమ్ మొత్తం 'నూరు శాతం పూర్తి' అని నివేదికలో కనబడకపోతే టీమ్ లీడ్ అప్రైజల్‌కు, అంటే ఏడాది పనితీరు మదింపుకు దెబ్బ. ఈ రెండింటినీ సమన్వయపరిచే పుణ్యకార్యాన్ని వాట్సాప్ గ్రూపు తలకెత్తుకుంది. గడువు నాటి సాయంత్రం టీమ్ లీడే స్వయంగా అందులో పెడతాడు: "ఫ్రెండ్స్, 1సి, 2ఏ, 3డి, 4సి, ఆరింటికల్లా ఫినిష్ చేసెయ్యండి ప్లీజ్." నిజాయితీ పరీక్షలో కాపీ కొట్టవచ్చునా అనే ప్రశ్న ఆ ప్రశ్నపత్రంలో లేదు కనుక ఇందులో ఉల్లంఘన ఏమీ జరగలేదని గమనించాలి.

ఆ సర్టిఫికెట్ తడి ఆరకముందే అదే టీమ్ లీడ్, రెండేళ్ళ అనుభవం ఉన్న ఒక అమ్మాయిని పక్క గదిలోకి పిలిచి, "క్లయింట్ ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అడుగుతున్నాడమ్మా, రెజ్యూమెలో రెండు తీసి ఐదు పెట్టి పంపు" అంటాడు. "కాల్‌లో అడిగితే ఏం చెప్పాలి సార్?" అంటుంది ఆ అమ్మాయి. "నెట్ బాలేదని కెమెరా ఆఫ్ చెయ్యి, పక్కన సీనియర్ కూర్చుంటాడు." కాదంటే బెంచ్, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చోబెట్టడం, ఆ బెంచ్ మీద కొన్నాళ్ళు కూర్చుంటే రాజీనామా పత్రం. ముప్పావు గంట కోర్సులో ఈ గది ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ఇందులో వ్యాపారి లేడు, కత్లీ లేదు. కంపెనీ ఫిర్యాదుల హాట్‌లైన్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు, నిజమే. అయితే టీమ్‌లో ఉన్నదే నలుగురు, రెజ్యూమె మారింది ఒక్కరిది.

ఈ వ్రతం ఇంతగా ఎందుకు వ్యాపించిందో తెలిస్తే భక్తి ఇంకా పెరుగుతుంది. కంపెనీలకు శిక్షలు విధించడంపై అమెరికాలో 1991లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నేరం బయటపడేనాటికి సరైన నైతిక కార్యక్రమం నడుపుతున్న కంపెనీకి జరిమానా తగ్గుతుంది. అంటే 'చదివాను, అర్థం చేసుకున్నాను' అని మనం నొక్కే ఆ గడి మన ఆత్మశుద్ధి కోసం పెట్టింది కాదు. రేపు ఏదైనా బయటపడితే, మేము చెప్పాం, రవే వినలేదు అని కోర్టులో చూపించడానికి పెట్టింది.

పైఅంతస్తుల్లో ధర్మనిర్ణయం ఎలా జరుగుతుందో హైదరాబాదు వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్ కోసం గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది 2008 సెప్టెంబరులో. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొనడానికి, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఒకరు సభ్యులుగా ఉన్న బోర్డు సరేనన్నది డిసెంబరులో. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనేలేవని, ఇన్నాళ్ళూ పులి మీద స్వారీ చేశానని రామలింగరాజు ఉత్తరం రాసింది 2009 జనవరి 7న. నెమలి మీది నుంచి పులి మీదికి నాలుగే నెలలు. లేని పనికి ఇన్‌వాయిసులు, లేని డిపాజిట్లకు రసీదులు వాటంతట అవి పుట్టవు, ఎవరో కూర్చుని టైపు చేయాలి. 2015లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఫైనాన్స్ విభాగంలో జీతానికి పనిచేసినవారు కూడా ఉన్నారు.

మరి వాళ్ళు అప్పుడే ఎదురు చెప్పాల్సింది కదా, అని పెద్దలు అంటారు. చెప్పినవాళ్ళకు ఈ దేశం ఏం చేసిందో ఆ పెద్దలకు తెలియదా? స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలు చూసి తట్టుకోలేక సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు 2002లో ప్రధానమంత్రికే రాశాడు, తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం అతని పేరుతో సహా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఫైళ్ళలో తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దారిదోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, సరే, తేల్చింది. పేరు దాచమన్న మనిషి పేరును బల్ల బల్లకూ ఊరేగించింది దొంగలు కాదు. బాగా చదువుకుని, పోటీ పరీక్షలు నెగ్గి, నీతి మీద వ్యాసాలు రాసి వచ్చినవాళ్ళు ఆ కాగితం మూలన పొట్టి సంతకాలు చేసి పక్క బల్లకు నెట్టారు. ఒక్కరికైనా చెయ్యి వణకలేదే! ఆ తరువాత రెండేళ్ళకు, లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ ఇంధనం అమ్మే బంకును మూయించిన ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌నూ కాల్చి చంపారు.

ఇలాంటివారి కోసమే పార్లమెంటు 2014లో విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం చేసింది. ప్రభుత్వాధికారుల అక్రమాలకే వర్తించే చట్టం కనుక ఆ రెజ్యూమె అమ్మాయికి దానితో ఎలాగూ పని లేదు. రాష్ట్రపతి సంతకం కూడా అయింది. అది అమలులోకి వచ్చే తేదీని కేంద్రం గెజిట్‌లో ప్రకటించడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క తేదీ ఇప్పటిదాకా ఏ ప్రభుత్వానికీ దొరకలేదు. మా వీధి చివర పంతులుగారిని అడిగినా, మూఢాలూ శూన్యమాసాలూ అన్నీ తీసేసి, ఈపాటికి ఏదో ఒక ముహూర్తం పెట్టేవారు.